సలూకీ వెంట నడిచిన ఉద్యోగం

నా స్థానంలో చేరిన యువ పశువైద్యురాలు మొదటి రోజే నన్నొక మాట అడిగింది. "మేడం, ఇంత పెద్ద యూనివర్సిటీలో మన పని ఒక్క కుక్కను చూసుకోవడమేనా?" గొంతులో కాస్త నిరాశ వినిపించింది. చదివిన చదువంతా ఒక్క కుక్క దగ్గర ఆగిపోతుందేమోనని ఆ అమ్మాయి భయం. "ఒక్క కుక్కే, కానీ ఊరికే ఉండదు" అని నవ్వేశాను. ఆ జవాబు చాలదని ఇంటికి వచ్చాక అనిపించింది. ఆమె కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇందులో ఉండదు. బర్క్ గురించి ఉంటుంది.

నేను, గంగారాం

నా పేరు షమీమ్. మాది కామారెడ్డి. హైదరాబాదులో పశువైద్యం చదివి, పెళ్ళయ్యాక దోహా వచ్చాను. నజ్మాలో ఒక పాత ఇంటి పై వాటాలో కాపురం పెట్టాం. వేటగద్దలకు, పిల్లులకు వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశాక, విదేశీ పద్ధతిలో నడిచే ఒక యూనివర్సిటీ నుంచి పిలుపు వచ్చింది. వాళ్ళ చిహ్నంగా, అంటే మస్కాట్‌గా, ఒక బతికున్న కుక్కను పెంచబోతున్నారు, వైద్యమూ సంరక్షణా చూసే మనిషి కావాలన్నారు.

ముస్లిం ఆడమనిషివి, కుక్కతో రోజూ పనేమిటని నన్ను అడిగినవాళ్ళు ఉన్నారు. నా అల్మారాలో నమాజుకు వేరే బట్టలు ఉండేవి. కుక్క చొంగ తగిలితే నమాజుకు ముందు చేతులు ఎలా కడుక్కోవాలో మా నాన్న చిన్నప్పుడే నేర్పారు. ప్రాణిని చూసుకోవడం పుణ్యమని చెప్పిందీ ఆయనే. అంతకు మించి నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

రోజూ కుక్కను తిప్పే పని గంగారాంది. జగిత్యాల పక్క పల్లెటూరు. కట్టడం పనికి వచ్చి, ఆ కంపెనీ పని అయిపోయాక యూనివర్సిటీలో తోటపనిలో చేరాడు. బర్క్ కూనగా వచ్చిన రోజు పచ్చికలో నీళ్ళు పెడుతున్న అతని వెంటే పడి, ఎవరు పిలిచినా రాలేదు. దాంతో అతని డ్యూటీ మారిపోయింది.

"మస్కాట్ డ్యూటీ ఒచ్చిందని ఇంటికి ఫోన్ జేసి చెప్పిన డాక్టరమ్మా. మా ఆమె ఒకటే ఏడుపు. దుబాయ్ ఇడిసిపెట్టి మస్కట్‌కు ఎందుకు వోయినవ్, ఏం తప్పు జేసినవ్ అని" అన్నాడు. అతనున్నది ఖతార్‌లో. అది దుబాయ్ కాదని ఆమెకు చెప్పడం అతను ఎప్పుడో మానేశాడట.

పనివాళ్ళు ఉండే క్యాంపులో అతన్ని కుక్క డ్యూటీ అని వెక్కిరించేవాళ్ళు. "మీరు కంపెనీకి జేస్తున్నరు. నేను ఖాన్‌దాన్ ఉన్నోనికి జేస్తున్న" అనేవాడు గంగారాం. అది గొప్పలకు చెప్పిన మాట కాదు. ఆ కుక్కకు నిజంగానే వంశం ఉంది.

బొమ్మ తల పోయి కుక్క వచ్చింది

నేను చేరక ముందు యూనివర్సిటీకి ఉన్నది బొమ్మ కుక్క. ఒక విద్యార్థి బొచ్చు వేషం తొడుక్కుని, పెద్ద తల పెట్టుకుని, ఆటల పోటీల్లో గంతులు వేసేవాడు. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఆ వేషంలోని కుర్రాడు ఎండకు సొమ్మసిల్లి మైదానం మధ్యలో పడిపోయాడు. జనం అది కూడా వేషంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారట. అబ్బాయి కోలుకున్నాడు గానీ వేషం మూలకు చేరింది.

విద్యార్థి వ్యవహారాలకు డైరెక్టర్ గ్రెగ్ అనే ఆయన. మంచి హుషారైన మనిషి, విదేశం నుంచి వచ్చాడు. "మనకు బతికున్న కుక్క ఉండాలి" అని ఆయన అనేటప్పటికే, ముఖం ముడతలు పడిన పొట్టికాళ్ళ విదేశీ జాతి పేరు ఒకటి ఆయన దగ్గర తయారుగా ఉంది. అప్పుడు రెండో ఏడు చదువుతున్న నూరా అనే ఖతారీ అమ్మాయి సమావేశంలో లేచి నిలబడింది.

"ఆ కుక్క ఇక్కడ ఊపిరి కూడా సరిగా తీసుకోలేదు సార్. మా నేలకు ఒక కుక్క ఉంది. సలూకీ. మా తాతగారి ఇంట్లో తరతరాలుగా ఉంది."

సలూకీ అంటే ఎడారి వేటకుక్క. పొడుగు కాళ్ళు, సన్నని నడుము, చెవులకూ తోకకూ పట్టుదారాల్లాంటి వెంట్రుకలు. చూపుతో వేటను పట్టి, వేగంతో అందుకుంటుంది. మామూలు కుక్కను ఇంట్లోకి రానివ్వని కుటుంబాలు కూడా సలూకీని డేరాలో తమ పక్కన పడుకోబెట్టుకునేవట.

నూరా తాతను అందరూ బూ హమద్ అని పిలిచేవారు. దోహాకు దక్షిణంగా అల్ వుకైర్ దాటాక, ఇళ్ళు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆయనకు ఇజ్బా ఉండేది. ఇజ్బా అంటే పశువుల కొట్టాలు, కూర్చోవడానికి ఒక డేరా, నాలుగు చెట్లు. మేం వెళ్ళినప్పుడు గ్రెగ్ వెల అడగబోయాడు. నూరా గబుక్కున మాట మార్చింది. సలూకీని అమ్మరు, నచ్చినవాళ్ళకు ఇస్తారు. బూ హమద్ తేనెరంగు కూనను రెండు చేతుల్లోకి తీసుకుని గ్రెగ్ వైపు చూశాడు, నూరా వైపు చూశాడు, చివరికి నా చేతుల్లో పెట్టాడు.

"దీని పేరు బర్క్" అన్నాడు. మెరుపు అని అర్థం. "దీని తర్వాత వచ్చేదానికీ ఇదే పేరు పెట్టండి."

అలా మా మొదటి సంప్రదాయం ఆయన నోటి నుంచే వచ్చింది.

చాప మీది కుక్క

మిగతా సంప్రదాయాలు ఒక్కొక్కటే పుట్టాయి. కొత్త విద్యార్థులు వచ్చే రోజు బర్క్ నీలం కోటు వేసుకుని ద్వారం దగ్గర కూర్చునేవాడు. పరీక్షల రోజుల్లో గ్రంథాలయం పక్క పచ్చికలో ఉండేవాడు. స్నాతకోత్సవంలో, ఎవరూ తాడు లాగకుండా, ఊరేగింపుకు ముందు నడిచేవాడు. అతని వెనక అధ్యక్షుడు, ఆయన వెనక ఆచార్యులు, వాళ్ళ వెనక పట్టాలు పుచ్చుకునే పిల్లలు.

మేం పట్టుబట్టి పెట్టిన నియమం ఒకటుంది. కుక్కను మనిషి దగ్గరికి తీసుకెళ్ళకూడదు, మనిషే కుక్క దగ్గరికి రావాలి. మా విద్యార్థుల్లో కుక్కను తాకడానికి ఇష్టపడనివాళ్ళు చాలామంది. కొందరికి మతాచారం, కొందరికి భయం. అందుకని బర్క్‌కు ఒక చాప వేశాం. చాప దగ్గరికి వచ్చినవాడు తాకాలనుకున్నవాడు. దాటి వెళ్ళినవాడిని ఎవరూ పిలవకూడదు, నవ్వకూడదు.

మొదటి ఏడు ఒక అమ్మాయి రోజూ దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోయేది. గంగారాం ఆమెకు దూరం నుంచే చెయ్యెత్తి సలాం చెప్పేవాడు, అంతే. చదువు ముగించి వెళ్ళేటప్పుడు ఆమె వచ్చి, చాపకు బారెడు దూరంలో నిలబడి, "ఇన్నాళ్ళూ ఎవరూ నన్ను ముట్టుకోమని బలవంతం చెయ్యలేదు. షుక్రన్" అంది. తాకి ఫొటో దిగిన వందలమందికంటే ఆ అమ్మాయి నాకు బాగా గుర్తుంది. ఒక ప్రాణిని అందరిదీ అని చెప్పాలంటే, దాన్ని తాకనివాళ్ళకు కూడా అది తమదే అనిపించాలి.

పెద్దాయన వచ్చిన రోజు

నూరా పట్టా పుచ్చుకున్న స్నాతకోత్సవానికి బూ హమద్ వచ్చాడు. ఊరేగింపు ముందు బర్క్ తలెత్తి ఠీవిగా నడిచాడు. కెమెరాలన్నీ అతని మీదే. నాకు, గంగారాంకు ఛాతీ ఉప్పొంగింది. పెద్దాయన మెచ్చుకుంటాడని కార్యక్రమం కాగానే బర్క్‌ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆయన మెచ్చుకోలేదు. కర్రను నూరా చేతికిచ్చి, వంగి, బర్క్ వెన్ను మీద, పక్కటెముకల మీద, తొడల మీద అరచేతితో నెమ్మదిగా తడిమాడు. పాదం ఎత్తి అరికాలు నొక్కి చూశాడు. తర్వాత డాక్టరమ్మా అని అరబ్బీలో పిలుస్తూ నా వైపు తిరిగాడు.

"యా దక్తూరా, నేను మీకు ఏమిచ్చాను?"

"సలూకీని ఇచ్చారు."

"ఇది గొర్రె. చలువరాతి మీద పెరిగిన గొర్రె." ఆయన గొంతు పెంచలేదు. "చలికాలం రాగానే మా ఇజ్బాకు తీసుకురండి. నా కుక్కలతో పరిగెత్తాలి. పరిగెత్తలేకపోతే నా కుక్కను నేను తీసుకుపోతాను."

గ్రెగ్ పెద్దగా నవ్వాడు. నూరా నవ్వలేదు. "తాత కుక్కల విషయంలో హాస్యమాడరు సార్" అంది.

ఆ రోజు నాకు ముఖం చెల్లలేదు. బర్క్‌కు జబ్బు లేదు. రక్తపరీక్షలు బాగున్నాయి, పళ్ళు బాగున్నాయి. కానీ పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. ఏసీ వరండాల్లో నడక, ప్రతి విభాగంలో ఫొటోలు, ప్రతి చేతి నుంచి బిస్కెట్టు. పరుగుకు కంచె వేసిన చోటు కావాలని నేను అంతకు ముందు అడిగితే గ్రెగ్ ఎంతో ఉదారంగా ఒక ట్రెడ్‌మిల్ తెప్పించాడు. బర్క్ దాని మీదకెక్కి నిద్రపోయేవాడు.

నడుము సన్నబడే దాకా

కొద్ది వారాలకు సమావేశం. గ్రెగ్ తేలికగా తీసేశాడు. "ఆయన తీసుకుపోతే పోనివ్వండి. యూరప్ నుంచి మంచి పత్రాలున్న కుక్కను తెప్పిద్దాం. పేరు బర్క్ అనే పెడదాం. ఎవరికి తెలుస్తుంది?"

నూరా అప్పటికి ఆయన కిందే చిన్న ఉద్యోగంలో చేరింది. కొత్త ఉద్యోగంలో మొదటి బాసు ముందు నోరు విప్పడం సులువు కాదు. అయినా విప్పింది.

"నాకు తెలుస్తుంది సార్. మా ఇంటి నుంచి ఇచ్చిన బహుమతిని మీరు నిలుపుకోలేకపోయారని మా వాళ్ళందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత నేను ఈ యూనివర్సిటీ ద్వారంలోంచి తలెత్తుకుని రాలేను."

నేను ఒకటే అన్నాను. "చలికాలం దాకా బర్క్‌ను నా చేతికి వదిలెయ్యండి. ఫొటోలు ఆపండి. తెల్లవారుజామున ఫుట్‌బాల్ మైదానం నాకు ఇవ్వండి. ఓడిపోతే నేనే స్వయంగా ఆయనకు అప్పగించి వస్తాను." గ్రెగ్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టి, సరేనన్నాడు.

మొదట బిస్కెట్లు ఆపాం. అదే అన్నిటికంటే కష్టం. ప్రేమ చూపించడానికి పిల్లలకు ఇంకో దారి తెలియదు. గంగారాం చాప దగ్గర కాపలా కూర్చునేవాడు. "మాఫీ బిస్కెట్! బిస్కెట్లు లెవ్వు! డాక్టరమ్మ హుకుం. మీకు అంత ప్రేమ ఉంటే పొద్దుగాల గ్రౌండ్‌కు రాండి, వానితోని ఉరుకుండ్రి" అనేవాడు మూడు భాషలు కలిపి. కొందరు నిజంగానే వచ్చారు. నూరా రోజూ వచ్చేది.

మైదానంలో పొడుగాటి తాడు చివర గుడ్డపేలిక కట్టి లాగితే బర్క్ మొదటి వారం దాన్ని ఆసక్తిగా చూసి కూర్చునేవాడు. గంగారాం దాని ముందు తానే పరిగెత్తి, ఆయాసపడి, పచ్చిక మీద వెల్లకిలా పడేవాడు. "నువ్వు ఉరుకవుగని నన్ను ఉరికిస్తున్నవ్ రా" అని తిట్టేవాడు. ఒక తెల్లవారుజామున గాలికి పేలిక పక్షిలా పైకి లేచింది. బర్క్ చెవులు నిక్కాయి. ఆ తర్వాత జరిగింది మా కళ్ళకు సరిగా అందలేదు. ఒక తేనెరంగు గీత మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు సాగింది, అంతే. నూరా అరిచిన అరుపుకు కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

కండ వచ్చింది, నడుము సన్నబడింది. పాదాలు మాత్రం ఇబ్బంది పెట్టాయి. మైదానం దాటించి గరుకునేల మీద పరిగెత్తిస్తే మెత్తటి అరికాళ్ళు చిట్లేవి. నేను మందు రాసి, విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. తాతగారు కుక్కల పాదాలకు గోరింటాకు పెడతారని నూరా చెప్పింది. అరికాలు గట్టిపడుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆకు శుద్ధంగా ఉంటే హాని లేదని చూసుకుని సరేనన్నాను. గంగారాం నజ్మాకు పోయి ఆకు తెచ్చి నూరాడు. బర్క్‌ను పడుకోబెట్టి నాలుగు పాదాలకూ పెట్టి, ఆరేదాకా నాకకుండా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నా బిడ్డ పెండ్లికి నేను ఊర్ల లేకుంటి డాక్టరమ్మా. దానికి గోరింటాకు ఎవ్వరు వెట్టిండ్రో గూడ తెల్వది" అన్నాడు, పాదం మీది ఆకును వేలితో సర్దుతూ. నేను ఆ మాట నూరాకు చెప్పాను. నూరా మెల్లగా వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుని, మిగిలిన ముద్దలోంచి కాస్త తీసి తన అరచేతిలో పెట్టుకుంది.

ఇజ్బాలో ఒక ఉదయం

చలికాలం వచ్చింది. విద్యార్థులు రెండు బస్సుల నిండా వచ్చారు. గ్రెగ్ కూడా వచ్చాడు. బూ హమద్ కుక్కలు మూడు అప్పటికే తాళ్ళు లాగుతున్నాయి. ఆయన మనవడొకడు పికప్ బండి వెనక తాడుకు చర్మపు ముక్క కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బండి ఇసుకలో ఒక దిబ్బ దాకా పోయి, దాన్ని చుట్టి, తిరిగి డేరా దగ్గరికి రావాలి.

బండి కదిలింది. మూడు తాళ్ళు వదిలారు. గంగారాం బర్క్‌ను వదిలాడు.

బర్క్ కదల్లేదు. బస్సుల దగ్గర పిల్లలు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. వాళ్ళ వైపు తిరిగి, అలవాటైన భంగిమలో, తల కాస్త పక్కకు వంచి కూర్చున్నాడు.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే నూరా బస్సుల వైపు తిరిగి రెండు చేతులూ ఊపుతూ, "ఫోన్లు దించండి! దించండి!" అని అరిచింది. ఫోన్లన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. చూడడానికి ఏమీ లేక బర్క్ తల తిప్పాడు. దూరంగా లేస్తున్న దుమ్ము కనిపించింది.

"యల్లా బేటా, ఉరుకు!" అన్నాడు గంగారాం.

ఉరికాడు. ఆ మూడూ చాలా ముందున్నాయి. అందుకోవడం జరగని పని. కానీ దిబ్బ చుట్టి బయటికి వచ్చేసరికి మూడో కుక్క పక్కన ఒక తేనెరంగు మెడ కనిపించింది. తర్వాత దాన్ని దాటింది. రెండోదాని తోక దాకా వచ్చింది. అక్కడే డేరా వచ్చేసింది. బర్క్ మూడోవాడిగా మా ముందుకొచ్చి, ఆగలేక ఇంకా కొంత దూరం పోయి, తిరిగొచ్చాడు. గోరింటాకు ఎర్రదనం మీద ఇసుక అంటుకుని ఉంది. పాదాలు ఎక్కడా చిట్లలేదు.

బూ హమద్ గెలిచిన కుక్క వైపు చూడలేదు. బర్క్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ మీద అరచెయ్యి ఆనించాడు. ఎగసిపడుతున్న ఊపిరి నెమ్మదించేదాకా అలాగే ఉన్నాడు. అది త్వరగానే నెమ్మదించింది. ఆయన లేచి గ్రెగ్‌తో అన్నాడు, "కుక్క మీదే. ఏటా ఒకసారి ఇక్కడ పరిగెత్తించండి. నేనున్నా లేకపోయినా."

తర్వాత నన్ను చూసి, "దక్తూరా, ఇప్పుడు మీ దగ్గర ఉన్నది నేనిచ్చిన కుక్క" అన్నాడు. ఎన్నో మెచ్చుకోలు పత్రాలు అందుకున్నాను గానీ నాకు దానికి మించింది రాలేదు. గంగారాం ముఖం తుడుచుకుంటూ ఇసుక పడిందన్నాడు. ఆ రోజు గాలి లేదు.

బాసు గురించి ఒక మాట

గ్రెగ్‌ను నేను చెడ్డగా చూపించాననిపిస్తే అది సగం నిజం. కుక్క అంటే ఆయనకు మొదట ఫొటో మాత్రమే. కానీ ఇజ్బా నుంచి తిరిగొచ్చిన వారంలోనే పరుగుకు కంచె వేసిన నేల వచ్చింది. ట్రెడ్‌మిల్ వ్యాయామశాలకు పోయింది. బయటి కార్యక్రమాలకు బర్క్‌ను అడిగితే, "ముందు డాక్టర్‌ను అడగండి" అనడం ఆయన నేర్చుకున్నాడు. తన మాట తప్పని తెలిశాక మార్చుకున్న బాసు దొరికితే వదులుకోకండి. అలాంటివాళ్ళు తక్కువ. మీరు చెప్పేది మాత్రం ముందే, స్పష్టంగా, అందరి ముందూ చెప్పండి. గదిలో గొణిగితే కుక్కకు ప్రయోజనం ఉండదు.

చలికాలపు పరుగు ఇప్పుడు యూనివర్సిటీలో విద్యార్థులు అన్నిటికంటే ముందు అడిగే పండుగ. ముందురోజు పాదాలకు గోరింటాకు పెట్టడానికి పిల్లలు వరుసలో నిలబడతారు. ఫోన్లు బస్సులోనే వదిలి దిగుతారు. ఆ నియమం ఎందుకు పుట్టిందో కొత్తవాళ్ళకు పాతవాళ్ళే చెప్తారు.

రెండో బర్క్

బూ హమద్ పోయాక కూడా పరుగు ఆగలేదు. బర్క్ ముసలివాడై, ఒక మధ్యాహ్నం గంగారాం పక్కనే నిద్రలో వెళ్ళిపోయాడు. ఇజ్బాలో, వాడు పరిగెత్తిన దిబ్బ పక్కన పూడ్చాం. నూరా అప్పటికి యూనివర్సిటీలో పెద్ద హోదాలో ఉంది. వాడి వంశంలోనే పుట్టిన నల్ల కూనను ఆమే తెచ్చి నా చేతుల్లో పెట్టింది. దాని పేరు కూడా బర్కే.

నేను ఉద్యోగం విడిచిన ఏడాది స్నాతకోత్సవం దానికి మొదటిది. ఇంకా పిల్ల వయసే. కోటు కొత్తది, భుజం దగ్గర కాస్త వదులు. సంగీతం మొదలైంది, తలుపులు తెరిచారు, గంగారాం తాడు వదులుగా పట్టుకుని నడిచాడు. నల్లటి బర్క్ చక్కగా నడిచి, సగం దారిలో, హాలు మధ్యలో కూర్చుండిపోయాడు.

వెనక అధ్యక్షుడు ఆగారు. ఆచార్యులు ఆగారు. వాళ్ళ వెనక తలుపు బయటిదాకా ఉన్న పిల్లలంతా ఆగిపోయారు. వాయిద్యాలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అదే పాటను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. కొత్తగా వచ్చిన ఒక అధికారి ఆదుర్దాగా ముందుకు రాబోయాడు. నూరా అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"తాడు లాగమని చెప్పండి" అన్నాడతను.

"మేము లాగం" అంది నూరా.

గంగారాం తిరిగి చూడలేదు, వంగలేదు, పిలవలేదు. నిటారుగా, వదులు తాడుతో, పెళ్ళిపెద్దలా నిలబడ్డాడు. నేను పక్క వరుసలో కూర్చుని ఉన్నాను. నా పక్కనున్న ఒక తల్లి తన భాషలో ఏదో మెల్లగా అంది, ఆమె చిన్నకూతురు నవ్వింది. హాలంతా గౌనుల్లో, టోపీల్లో, ఒక కుక్కకు లేవాలని ఎప్పుడనిపిస్తుందా అని ఎదురుచూస్తోంది. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు.

బర్క్ ఒకసారి ఆవలించాడు. ముందుకాళ్ళు చాచి ఒళ్ళు విరుచుకున్నాడు. లేచాడు. వాడు కదిలాక అధ్యక్షుడు కదిలారు.